ఇంటి వెనక సందు ఎవరిది?

(సికింద్రాబాద్‌లో పాత బస్తీల నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది, అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారం. ఇంటి కాగితాల జిరాక్సు తెచ్చుకోమని ముందే చెప్పించాను, తెచ్చారా? తేకపోతే ఫోన్లో చూడండి, ఈ రోజుల్లో అందరికీ ఫోన్లోనే ఉంటున్నాయి. ధర, స్టాంపులు, సంతకాలు వదిలేసి చివర్లో హద్దులని ఉంటుంది, అక్కడికి వెళ్ళండి. తూర్పు ఫలానావారి ఇల్లు, దక్షిణం రస్తా, అలా రాస్తారు కదా. ఊరి నడిబొడ్డున, పాత బజార్ల పక్కన ఉన్న ఇళ్ళలో చాలావాటికి నాలుగు దిక్కుల్లో ఏదో ఒక దిక్కున 'సందు' అనో 'గల్లీ' అనో 'శానిటరీ లేను' అనో ఉండాలి. నేను ఉద్యోగమంతా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో టేపు పట్టుకుని తిరిగినవాణ్ణి, ఇలాంటి కాగితాలు కట్టలు కట్టలు చూశాను. ఒకే ఇంటివి మూడు తరాల దస్తావేజులు పక్కపక్కన పెట్టి చూస్తే తమాషాగా ఉంటుందండీ. తాతగారి కాగితంలో 'పడమర: మున్సిపాలిటీ వారి శానిటరీ లేను'. కొడుకుల భాగపంపకాల్లో అది 'పడమర: సందు' అవుతుంది. మనవడు అమ్మే నాటికి 'పడమర: ఖాళీ స్థలం'. కొన్నాయన బ్యాంకు లోనుకి పెట్టేసరికి 'పడమర: పక్కవారి ప్రహరీ'. మొదట కాగితం మీద అరిగిపోయింది, ఆ తర్వాతే నేల మీద అరిగింది. ఆక్రమణ అంటే రాత్రికి రాత్రి గోడ కట్టడం అనుకుంటాం, చాలాసార్లు అది దస్తావేజు రాసే ఆయన కలంతో మొదలవుతుంది.

సందుల మీద ఎక్కడ మీటింగు పెట్టినా వెడల్పు గురించే గొడవ. ఎనిమిది అడుగులుంది, పన్నెండు కావాలి, ఇరవై కావాలి, ఫైరింజన్ ఎలా వస్తుంది, కారు ఎలా వస్తుంది. నేను ఇవాళ వెడల్పు కాదు, తలుపుల సంగతి మాట్లాడదామని వచ్చాను. సందులోకి తెరుచుకునే తలుపులు ఎన్ని, కిటికీలు ఎన్ని, గడప మీద కూర్చునేవాళ్ళు ఎంతమంది. నేను చూసినంతలో సందు బతకడానికైనా చావడానికైనా ఇదే కారణం, వెడల్పు తర్వాతి మాట.

ఊళ్ళో సందులు రెండు రకాలు. రెండూ ఇరుకే కాబట్టి ఒకటే అనుకుంటాం. ఒకటి ఇళ్ళ ముందు సందు, అంటే మన హైదరాబాద్ గల్లీ. మొఘల్‌పురా, షా అలీ బండ, హుస్సేనీ ఆలం వైపు వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1591లో చార్మినార్ దగ్గర పెద్ద దారులు నాలుగు వైపులా తిన్నగా గీశారు, ఆ దారుల మధ్య మిగిలిన జాగాల్లో ఇళ్ళు, దేవిడీలు అంటే నవాబుల పెద్ద భవంతులు, వాటి చుట్టూ పనివాళ్ళ ఇళ్ళు పెరుగుతూ పోయాయి, గల్లీలు ఎవరూ గీసినవి కావు. మిగిలినవి. అయినా ప్రతి ఇంటి తలుపూ అందులోకే తెరుచుకుంటుంది, ఇంకో దారి లేదు కాబట్టి. అందుకే అక్కడ కొత్తవాడు అడుగుపెడితే పది నిమిషాల్లో 'కిస్కే ఘర్ జానా?', ఎవరింటికి వెళ్ళాలి అని ఎవరో ఒకరు అడుగుతారు. సెక్యూరిటీ గార్డు అక్కర్లేదు.

రెండో రకం ఇళ్ళ వెనక సందు. ఇది మాత్రం గీసి పెట్టింది, కొలిచి పెట్టింది, చట్టప్రకారం పెట్టింది. ఎందుకు పెట్టారో చెప్పుకోవడానికి మనకి కాస్త ఇబ్బంది, కానీ చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మలం ఎత్తడానికి. ఇంటి పెరట్లో చివర పాకీ దొడ్డి, దాని వెనక గోడకి కింద చిన్న రేకు తలుపు, ఆ తలుపు సందులోకి. తెల్లవారుజామున ఒక మనిషి వచ్చి ఆ రేకు ఎత్తి, లోపలి డబ్బా లాగి, బండిలోనో గంపలోనో పోసుకుని వెళ్ళాలి. ఇంటివాళ్ళకి ఆ మనిషి కనపడకూడదు, ఆ మనిషికి ఇంటి ముందు వీధి కనపడకూడదు. మా చిన్నప్పుడు చూసినవాళ్ళు ఈ హాల్లో ఇంకా ఉన్నారు, తల ఊపుతున్నారు.

ఇందులో ఇంగ్లీషువాళ్ళ చెయ్యి కూడా ఉంది. వాళ్ళ దేశంలో ఫ్యాక్టరీ ఊళ్ళలో ఇళ్ళు వీపులు ఆనించి కట్టేవారు, గాలి లేదు, మలం ఎత్తడానికి దారి లేదు, కలరా. 1875 పబ్లిక్ హెల్త్ చట్టం వచ్చాక ఊరూరా బైలాలు రాశారు, వరస ఇళ్ళ వెనక బూడిద, మలం ఎత్తుకుపోవడానికి దారి వదలాలని. అదే పద్ధతి కంటోన్మెంట్లకీ మున్సిపాలిటీలకీ ఇక్కడికి వచ్చింది. బెంగళూరులో 1898లో ప్లేగు వచ్చింది, ఆ రోజుల్లో వేసిన మల్లేశ్వరం, బసవనగుడి ఎక్స్‌టెన్షన్లలో ఇప్పటికీ ఇళ్ళ వరసల మధ్య తిన్నగా వెనక సందులు కనిపిస్తాయి, అక్కడ కన్సర్వెన్సీ లేను అంటారు. మన కోస్తా ఊళ్ళలో వన్‌టౌన్ అనే చోట్ల శానిటరీ లేన్లు కనిపిస్తాయి. అయితే ఇంగ్లండులో అది ఎవరైనా చేసే పని, జీతం పని. ఇక్కడికి వచ్చేసరికి ఆ పనికి కులం అంటుకుంది. లేదు, కులం ముందే ఉంది, దానికి కొలతలు వేసి దారి కట్టించి ఇచ్చారు. బెజవాడ విల్సన్ గారి పేరు విన్నారు కదా, కోలార్ గోల్డ్‌ఫీల్డ్స్‌లో పుట్టిన తెలుగాయన, ఇంట్లో అదే పని చూస్తూ పెరిగి దాన్ని ఆపించడానికే జీవితం పెట్టారు, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. మనుషులతో మలం ఎత్తించకూడదని చట్టం 1993లో ఒకటి, సరిపోక 2013లో ఇంకొకటి. నా ఉద్దేశంలో వెనక సందు గురించి మాట్లాడే ఏ ప్లానరైనా ముందు ఈ ముక్క చెప్పి తర్వాత బెంచీలూ పూలకుండీలూ గీయాలి.

ఇది మన ఒక్కళ్ళ సంగతే కాదు. మెల్‌బోర్న్ లేన్లు అంటే ఇప్పుడు కాఫీ షాపులు, గోడల మీద బొమ్మలు, టూరిస్టులు. మన పిల్లలు బోలెడంతమంది అక్కడున్నారు, ఫోటోలు పంపుతుంటారు. 1837లో ఆ ఊరి ప్లాను గీసినప్పుడు పెద్ద వీధి 99 అడుగులు, దాని పక్కన చిన్న వీధి 33 అడుగులు. వెనక గుర్రాల కొట్టాలు, సరుకులు, ఇవన్నీ చిన్న దారుల్లో నడవాలని. ఊరి పక్కన ఫిట్జ్‌రాయ్, కార్ల్‌టన్ లాంటి నివాసాల పేటల్లో వెనక సందులకి నల్లరాయి పరిచారు, రాత్రి పూట మలం బళ్ళు తిరగడానికి. మార్వెలస్ మెల్‌బోర్న్ అని ఊరంతా గొప్పలు చెప్పుకుంటున్న రోజుల్లో మార్వెలస్ స్మెల్‌బోర్న్ అని ఎగతాళి చేసేవాళ్ళు, అంత కంపు. 1897 నుంచి ఇళ్ళకి మురుగు పైపులు కలపడం మొదలైంది, కొన్నేళ్ళకి ఆ బళ్ళు ఆగిపోయాయి. సందులు మాత్రం మిగిలాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పైపు వచ్చాక ఆ సందు పని అయిపోయింది. దానికి ఓనరు మున్సిపాలిటీ, కానీ మున్సిపాలిటీకి దానితో పని లేదు. ఇంటివాళ్ళకి అది వీపు వైపు. పని లేని జాగా, ఊరి మధ్యలో, గజం లక్షలు పలికే చోట. ఏమవుతుందో చెప్పండి. (సభలో ఎవరో: చెత్త!) చెత్త. ముందు చెత్త, తర్వాత ఇటుకలు. పై అంతస్తు నుంచి కవరు విసిరేస్తారు, కింద ఎవరి గుమ్మమూ లేదు కాబట్టి తిట్టేవాడు లేడు. తర్వాత ఒకాయన మోటారు కోసం రెండడుగులు ముందుకొస్తాడు, ఎదురాయన వాషింగ్ మిషన్ కోసం మూడడుగులు. మిగిలింది పిల్లి పట్టే జాగా. అప్పుడు ఇద్దరూ కలిసి, ఇన్నాళ్ళూ మాటలు లేనివాళ్ళు కూడా ఈ విషయంలో రాజీపడి, అటూ ఇటూ గోడ కట్టేస్తారు.

ఇందులో అసలు చిక్కు మ్యాన్‌హోల్ దగ్గరొస్తుంది. దొడ్లు వెనక ఉన్నాయి కాబట్టి చాలా ఊళ్ళలో మురుగు పైపు కూడా వెనక సందులోంచే వేశారు. పైన ఇళ్ళు ముందుకొచ్చాయి, కింద పైపు అక్కడే ఉంది. నేను పనిచేసిన ఒక మున్సిపాలిటీలో, ఏ ఊరో వదిలేయండి, ఒక వీధిలో ప్రతి వర్షాకాలం నీళ్ళు ఎగదన్నేవి. లైను పట్టుకుని వెళ్తే మూడు మ్యాన్‌హోళ్ళు కనపడాలి, రెండే కనపడ్డాయి. మూడోది ఎక్కడని ప్లానులో కొలిచి చూస్తే ఒకావిడ వంటింట్లో, గ్యాస్ బండ పెట్టే చోట. బండ జరిపి టైలు తీస్తే మూత బయటపడింది. ఆవిడ తప్పు ఏమీ లేదు పాపం, ఆ ఇల్లు అలాగే కొనుక్కుంది. ఇప్పుడు అది జామ్ అయితే ఏం చెయ్యాలి? మిషన్ రాదు. ఇంట్లోంచి నడిచి వెళ్ళి, వంటింట్లో కూర్చుని, వెదురు బద్ద పెట్టి పొడవాలి, దానికీ కాకపోతే ఒక మనిషి దిగాలి. చట్టం దిగకూడదు అంటుంది. దిగకుండా ఉండాలంటే మిషన్ నిలబడే జాగా కావాలి. హైదరాబాద్‌లో 2017లో వాటర్ బోర్డు 70 చిన్న జెట్టింగ్ మిషన్లు, అంటే నీళ్ళు జోరుగా చిమ్మి మురుగు పైపు శుభ్రం చేసే బళ్ళు తెచ్చింది, పెద్ద లారీ పట్టని సందుల కోసమే, దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి, బళ్ళకి ఓనర్లు కూడా దళిత కుటుంబాలవాళ్ళే. మంచి పని. కానీ ఆ చిన్న బండికైనా కొన్ని అడుగులు కావాలి కదండీ! వాషింగ్ మిషన్ కోసం మనం కలుపుకున్న మూడడుగులు వేరే వాళ్ళ ప్రాణం మీదికి వస్తాయి. ఆక్రమణ అంటే కార్పొరేషన్ జాగా తిన్నాడనే చూస్తాం, నేనైతే దీన్నే ముందు చూస్తాను.

సందే లేకపోతే ఏమవుతుందో చూడాలంటే న్యూయార్క్. 1811లో మన్‌హట్టన్‌కి గీసిన ప్లానులో వెనక సందులు వదల్లేదు. ఫలితం, అంత డబ్బున్న ఊళ్ళో ఫుట్‌పాత్ మీద నల్ల సంచుల గుట్టలు, ఎలుకలు, ఇప్పుడిప్పుడే డబ్బాలు తప్పనిసరి చేస్తున్నారు. షికాగోలో చూడండి, దాదాపు 3,000 కిలోమీటర్ల వెనక సందులున్నాయి. చెత్త డబ్బాలు, గరాజీలు, కరెంటు స్తంభాలు అన్నీ వెనకే. వాళ్ళకి ఇంకో సమస్య, అంత కాంక్రీటు మీద పడ్డ వాన అంతా ఎక్కడికి పోవాలి అని. 2006లో గ్రీన్ ఆలీ అని మొదలుపెట్టి నీళ్ళు ఇంకే నేల వేసుకుంటూ వస్తున్నారు. సందు నేల కూడా ఒక పనిముట్టే. మనం సీసీ రోడ్డు పోసి శిలాఫలకం పెట్టి దండ వేస్తాం.

సరే, ఫైరింజన్. ఈ ప్రశ్న రాకముందే చెప్పేస్తాను. ఫైరింజన్ రాదు కాబట్టి సందులన్నీ కొట్టేసి రోడ్లు వెయ్యాలనే మాట కొత్తది కాదు. 1908లో మూసీ వరద, తర్వాత ప్లేగు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టీ లాంటి మంచి బజారు వాళ్ళే కట్టించారు, ఇరుకు బస్తీలు తీసేసి గాలి వెలుతురు ఉన్న ఇళ్ళు వేశారు. రోగం సందులో ఉంటుంది అనే నమ్మకం ఆ రోజుల్లో గట్టిది. దాదాపు అదే కాలంలో, 1914-15లో, పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండ్ టౌన్ ప్లానర్ మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళు తిరుగుతూ వేరే మాట చెప్పాడు. తంజావూరు లాంటి చోట్ల పాత పేట మధ్యనుంచి తిన్నటి రోడ్డు కొట్టుకుంటూ పోవద్దు, శిథిలమైన ఇళ్ళు ఒకటి రెండు తీసి అక్కడ కాస్త ఖాళీ, ఒక చెట్టు వదలండి, సందు మలుపు దగ్గర కాస్త వెడల్పు చేయండి, మిగతాది అలాగే ఉండనివ్వండి అని. మనవాళ్ళు విన్నది తక్కువ. ఇప్పటికీ మన పద్ధతి రోడ్డు వెడల్పుకి ఇంతవరకు పోతుందని గోడల మీద ఎర్ర గీతలు గీసి వెళ్ళిపోవడం, ఆ గీత ఇరవై ఏళ్ళు అక్కడే ఉంటుంది, ఇల్లు అమ్ముడుపోదు, బాగు చేయించుకోవడానికి మనసు రాదు, గీత మీద సున్నం వేస్తే కేసు అవుతుందేమోనని టెన్షన్.

2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదం మీ అందరికీ తెలుసు. 17 మంది పోయారు, చిన్నపిల్లలు కూడా. వెంటనే టీవీల్లో అందరూ పాతబస్తీ గల్లీలు అన్నారు. ఆ ఇల్లు గల్లీ లోపల లేదు, పెద్ద రోడ్డు మీద షాపుల పైనే ఉంది. ఫైరింజన్లు అక్కడిదాకా వచ్చాయి. లోపలికి వెళ్ళే దారి ఇరుకు, పైకి ఒక్కటే మెట్లు, పొగ. వెనక నుంచి దిగడానికి ఇంకో దారి ఉండి ఉంటే అనిపిస్తుంది కదా. దీన్నిబట్టి సందులకి ప్రమాదమే లేదని నేను అనడం లేదు. ఏసీల వైర్లు, నెత్తి మీద కేబుళ్ళు, అడ్డంగా పెట్టిన బైకులు, ఇవి ఉన్న సందులో నిప్పంటుకుంటే దేవుడే దిక్కు. సందు మొదట్లో నీళ్ళ హైడ్రెంట్, లోపలిదాకా చాలే హోస్ పైపు, అడ్డం లేని దారి ఉంటే ఇంజన్ బయట ఆగినా పని జరుగుతుంది. వెనక సందు తెరిచి ఉంటే అదే రెండో దారి. అది కూడా మూసేసుకుని ముందు రోడ్డు వెడల్పు చెయ్యమని అడుగుతున్నాం.

108 వచ్చినా అంతే. బండి సందు మొదట్లో ఆగుతుంది, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొస్తారు. ఎన్నోసార్లు చూశాను. ఇందులో సందు వెడల్పు కంటే మలుపు ముఖ్యం. పాత మేస్త్రీలకి ఇది తెలుసు. మలుపు దగ్గర గోడ మూల కోసి, నున్నగా చేసి వదిలేవారు, నడుము ఎత్తు వరకో తల ఎత్తు వరకో. బండి చక్రం తగలకుండా, బీరువా తిరిగేలా, చివరికి పాడె తిరిగేలా. దాని పైన గోడ మళ్ళీ మామూలు మూలకొచ్చేస్తుంది, కాబట్టి పై గదికి జాగా పోదు. ఈసారి పాత గల్లీలో నడిచేటప్పుడు మూలలు చూడండి. ఇప్పటి బిల్డరు ఆ మూల వరకూ పిల్లరు తెచ్చి, దానికి ఇనుప యాంగిల్ కొట్టి, బైకు తగిలితే బైకువాడిదే తప్పంటాడు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో మధ్యాహ్నం నాలుగింటికి నలభై అడుగుల కాలనీ రోడ్డు మీద నడవండి, తర్వాత ఆరడుగుల గల్లీలోకి రండి. అటూ ఇటూ రెండంతస్తుల గోడలుంటే నడినెత్తిన సూర్యుడున్న కాసేపు తప్ప ఎప్పుడూ ఒక వైపు నీడే. పాతబస్తీలో లక్క గాజులు చేసే ఇళ్ళు చాలా ఈ సందుల్లోనే ఉన్నాయి, బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఒక్కో రాయీ పొదుగుతారు. నిప్పు పక్కన కూర్చుని చేసే పని, గడపలో కూర్చుంటారు గాలి కోసం. 2024లో ఆ గాజులకి జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఈ ఊరి సరుకేనని సర్కారు ముద్ర. లాడ్ బజార్ అద్దాల షాపులే మనకి కనిపిస్తాయి, పని జరిగేది లోపలి గల్లీల గడపల్లో. రోడ్డు వెడల్పు అని ఆ గడప తీసేస్తే షాపు ఉంటుంది, గాజు వేరే ఊరు నుంచి వస్తుంది.

కొత్త కాలనీల్లో మనం చేసింది ఇంకా విచిత్రం. సెట్‌బ్యాక్ అని నాలుగు వైపులా మీటరో మీటరున్నరో వదలమంటారు. పక్కింటాయనా అంతే వదులుతాడు. మీటరున్నర చొప్పున రెండూ కలిపితే మూడు మీటర్లు, అంటే దాదాపు పదడుగులు, మంచి సందు! మధ్యలో ప్రహరీ కట్టి దాన్ని రెండు చీకటి చీలికలు చేశాం. అందులో ఏసీ డబ్బాలు, పాత కమోడు, విరిగిన సైకిలు, ఎండని బట్టలు, దోమలు. జాగా లేదని ఏడుస్తాం, ప్రతి రెండిళ్ళ మధ్యా ఒక సందంత జాగా పారేసుకున్నాం. రూలు వెలుతురు కోసం పెట్టిందే, కాదనను. కానీ ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కన కట్టుకుంటున్నా మధ్యలో గోడ లేకుండా కట్టుకోరు.

అడ్రసు సంగతి ఒక్క ముక్క. మన హైదరాబాద్ ఇంటి నంబరు వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు అంకెలు. ఇల్లు పంచుకున్న కొద్దీ బై వన్, బై ఏ, మళ్ళీ బై టూ. సందు లోపలికి వెళ్ళిన కొద్దీ బైలు పెరుగుతాయి. స్విగ్గీ కుర్రాడు సందు మొదట్లో కిరాణా కొట్టు దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు, కొట్టాయన నంబరు వినకుండానే పేరు చెప్తే చాలు అని దారి చూపిస్తాడు. (నవ్వులు) మ్యాపులో మన సందు సగంలో ఆగిపోతుంది కానీ ఆ కొట్టాయనకి చివరిదాకా తెలుసు.

ఇప్పుడు బాగుచెయ్యడం. మల్లేశ్వరంలో ఈ మధ్య కొన్ని వెనక సందులు శుభ్రం చేసి, నేల వేసి, బొమ్మలు గీసి, నడిచే దారులు చేశారు. బాగుంది. కానీ బొమ్మలంటే నాకు అనుమానం, మీకు నచ్చకపోయినా చెప్తాను. గోడకి బొమ్మ వేస్తే ప్రారంభం రోజున ఫోటోలు వస్తాయి. ఆ గోడలో తలుపు లేకపోతే ఆరు నెలలకి బొమ్మలో నెమలి కాళ్ళ దగ్గర చెత్త కవర్లు. అదే గోడకి ఒక చిన్న తలుపు పెట్టి, లోపల ఒక టైలరు మిషనో ఇస్త్రీ బల్లో ఉందనుకోండి, బొమ్మ అక్కర్లేదు. మాంట్రియల్‌లో రూయెల్ వెర్ట్ అంటారు, పచ్చ సందులు. అక్కడ పద్ధతి నచ్చింది నాకు. ముందు ఆ సందు చుట్టూ ఇళ్ళవాళ్ళు కమిటీ వేసుకుని, ఎక్కువమంది ఒప్పుకున్నాకే కార్పొరేషన్ వచ్చి తారు తవ్వి మొక్కలకి జాగా చేస్తుంది. నీళ్ళు పోసేది ఇళ్ళవాళ్ళే. ఒప్పుకోనివాడి ఇంటి వెనక వదిలేస్తారు.

వాంకూవర్ 2009లో, టొరంటో 2018లో ఇంకో అడుగు వేశాయి. పెరటి చివర, సందు వైపు ముఖం పెట్టి, చిన్న ఇల్లు కట్టుకోనిచ్చారు. గరాజీ ఉన్న చోట ఇల్లు. అమ్మానాన్నలకో, అద్దెకో. కెనడాలో ఉన్న మనవాళ్ళకి ఇవి బాగా తెలుసు, ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకి కొందరికి అదే జవాబు. నేను చూసేది ఏమిటంటే, ఆ ఒక్క రూలుతో సందులోకి తలుపులు వచ్చాయి, దీపాలు వచ్చాయి. మనకి ఇది నేరుగా పనికిరాదు, మన సందులు అంత వెడల్పు లేవు, జనం ఇప్పటికే ఎక్కువ. కానీ వెనక గోడకి తలుపు పెట్టుకుంటానంటే మన ఆఫీసుల్లో ఇంకా అనుమానంగా చూస్తారు, ఎందుకు, దొడ్డిదారిన ఏం చేస్తావని. పెట్టుకోనివ్వండి. ఆ తలుపు బయటికి కాకుండా లోపలికి తెరుచుకోవాలని మాత్రం షరతు పెట్టండి.

గేట్ల గురించి అడుగుతారని తెలుసు. (సభలో: మా సందుకి పెట్టించాం సార్.) పెట్టించారు, చూశాను వస్తూ. దొంగల భయం నిజమే, ఇంట్లో ముసలివాళ్ళే ఉంటే భయం ఇంకా నిజం. ఇంగ్లండులో కూడా 2005లో చట్టం చేసి మరీ వెనక సందులకి గేట్లు పెట్టుకోనిచ్చారు, దొంగతనాలు, చెత్త భరించలేక. కాబట్టి గేటు పెట్టినవాళ్ళందరూ దుర్మార్గులని నేను అనను. నా ప్రశ్న తాళం ఎవరి దగ్గర ఉంది అని. ఉదయం ఐదున్నరకి ఊడ్చే ఆవిడ వస్తుంది, తాళం సెక్రటరీ గారి దగ్గర, ఆయన ఏడింటికి లేస్తారు. ఆవిడ ఎదురు చూసి వెళ్ళిపోతుంది, మీరు మధ్యాహ్నం చెత్త తియ్యలేదని కంప్లయింట్ పెడతారు. ఇంకోటి, వెనక బస్తీ పిల్లలు ఆ సందులోంచే బడికి వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి, ఆటోల మధ్య నుంచి వెళ్తున్నారు. ఆ పిల్లల్ని అడగకుండా గేటు పెట్టే హక్కు మనకి ఉందా? లేదనే నా అభిప్రాయం, చట్టం కూడా లేదనే అంటుంది, మున్సిపల్ చట్టం ప్రకారం ప్రజల దారి కార్పొరేషన్‌ది, మన అసోసియేషన్‌ది కాదు.

ప్రశ్నలకి టైము తక్కువుంది, ఒకటి తీసుకుంటాను.

(ఒక శ్రోత: ఎలాగూ ఎవరూ వాడని సందుని పక్క ఇళ్ళవాళ్ళకి రేటు కట్టి అమ్మేస్తే పోలేదా? కార్పొరేషన్‌కి డబ్బు, మాకు క్లియర్ టైటిల్.)

అమ్ముతారు, మెల్‌బోర్న్‌లో కౌన్సిళ్ళు అదే పని చేస్తాయి. దారిగా రద్దు చేస్తున్నామని నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని, పక్క ఓనర్లకి అమ్ముతారు. అయితే కింద పైపు ఉంటే దాని మీద హక్కు అట్టిపెట్టుకుంటారు, పైన గది కట్టనివ్వరు. మీరు డబ్బిచ్చి కొన్నది ఖాళీగానే ఉంచాలి. ఇక్కడ ఆ షరతు పెడితే మీరు కొంటారా? (నవ్వులు) కొనరు. మరి షరతు లేకుండా అమ్మితే ఇందాక చెప్పిన వంటిల్లు. నా లెక్కలో రెండు వైపులా ఒక్క తలుపు కూడా లేకుండా, కింద పైపు లేకుండా, ఎటూ కలవకుండా మధ్యలో తెగిపోయిన ముక్కలు కొన్ని ఉంటాయి. వాటిని అమ్మినా నాకు అభ్యంతరం లేదు, వచ్చిన డబ్బు మిగతా సందుల దీపాలకి పెట్టండి. కానీ అమ్మే ముందు పైపు ప్లాను తీయించండి. వార్డు ఆఫీసులో లేదంటే వాటర్ బోర్డు సెక్షన్‌లో అడగండి, అక్కడ వాళ్ళు కూడా లేదంటారు, బీరువాలో చుట్టి పెట్టి ఉంటుంది, పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ ఎవరైనా ఉంటే ఆయన్ని తీసుకుని వెళ్ళండి, ఆయనకి ఏ చుట్టలో ఉందో తెలుస్తుంది.